మధ్య బొమ్మలు

రెయికో ఒకుయామా యానిమేటర్ అవడానికి ఒక మాట కారణం. జపనీస్‌లో 'దోగా' అన్న మాటకి, రాసే అక్షరాన్ని బట్టి, రెండు అర్థాలున్నాయి. ఒకటి కదిలే బొమ్మ. రెండోది పిల్లల కోసం వేసే బొమ్మ. పలకడం మాత్రం ఒక్కటే. సెందాయ్‌లో చదువు మధ్యలో వదిలేసి టోక్యో వచ్చిన ఆ అమ్మాయి, 1957లో 'తోయెయి దోగా' అనే కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని తెలిసి, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే చోటనుకుని వెళ్లిందట. తీరా చూస్తే అది సినిమా స్టూడియో. జపాన్‌లో మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల యానిమేషన్ సినిమా, తెల్ల పాము కథ 'హకుజాదెన్', అక్కడే తయారవుతోంది. 1958లో అది విడుదలయ్యేనాటికి ఆవిడ ఆ పనిలో ఉంది.

ఆవిడ చేతికి మొదట వచ్చింది ఇన్‌బిట్వీన్ పని. ఈ పని తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఒక మనిషి చెయ్యెత్తి పిలుస్తున్నాడనుకోండి. చెయ్యి కింద ఉన్న బొమ్మ ఒకటి, పైకి లేచిన బొమ్మ ఒకటి సీనియర్ వేస్తారు. వాటిని కీ అంటారు. కింద నుంచి పైకి చెయ్యి లేవాలంటే మధ్యలో ఇంకొన్ని బొమ్మలు కావాలి. వాటిని వేసేవాళ్లు ఇన్‌బిట్వీనర్లు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టినా సెకనుకి 12 బొమ్మలు. తెర మీద కదిలినట్టు మనకి అనిపించేదంతా చాలావరకు ఈ మధ్య బొమ్మల వల్లే. చూసేవాళ్లకి మాత్రం అవి విడిగా ఎప్పుడూ కనపడవు. కనపడ్డాయంటే ఎవరో సరిగ్గా వెయ్యలేదని అర్థం.

హైదరాబాద్‌లో ఏడేళ్లు నేను చేసిన పని ఇదే. లైట్ టేబుల్ బదులు పెన్ టాబ్లెట్, కాగితం బదులు సాఫ్ట్‌వేర్. మిగతాదంతా 1957లో ఎలా ఉందో అలానే ఉంది. అమెరికా నుంచో, యూరప్ నుంచో కీలు వస్తాయి. మధ్యవి మేం వేసి పంపిస్తాం.

ఒకుయామా పేరు నాకు స్టూడియోలో ఎవరూ చెప్పలేదు. మియజాకి గురించి, తకహతా గురించి క్యాంటీన్‌లో గంటలు గంటలు కొట్టుకున్నవాళ్లం. ఈవిడ పేరు ఒక్కసారి కూడా రాలేదు. పురిటికి చల్లపల్లి వచ్చాక, పాపకి పాలిస్తూ రాత్రుళ్లు ఫోన్‌లో చూసిన ఒక జపాన్ సీరియల్ వల్ల తెలిసింది. దాని పేరు 'నత్సుజోరా'. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఛానల్‌లో 2019లో ఆరు నెలల పాటు, రోజూ పొద్దున్నే పావుగంట చొప్పున వచ్చింది. మొత్తం 156 భాగాలు. యుద్ధంలో అనాథ అయిన ఒక పిల్ల, పల్లెటూళ్లో ఆవుల మధ్య పెరిగి, టోక్యో వచ్చి యానిమేటర్ అవుతుంది. ఆ పాత్రకి ఒకుయామా జీవితం ఒక ఆధారం. ఆవిడ భర్త యోయిచి కొతాబె, ఆయనా పెద్ద యానిమేటరే, ఆ రోజుల్లో స్టూడియోలు ఎలా ఉండేవో సీరియల్ వాళ్లకి దగ్గరుండి చెప్పాడు.

పాపకి పావుగంట పాలు, నాకు పావుగంట సీరియల్. లెక్క సరిపోయేది. తెల్లవారుజామున నాలుగు దాటాక పాప మళ్లీ లేచే వేళకి మా ఊరి 'స్వచ్ఛ చల్లపల్లి' వాళ్లు చీపుర్లు, పారలు పట్టుకుని బయల్దేరేవాళ్లు. 2014 నుంచీ ఊరు ఊడుస్తున్నారు. ఆ వేళకి మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే కాదులే అనుకునేదాన్ని.

సీరియల్ అయిపోయాక అసలు మనిషి గురించి వెతకడం మొదలుపెట్టాను. సీరియల్లో హీరోయిన్ హొక్కైదో పాల రైతుల పిల్ల. అసలావిడ సెందాయ్ మనిషి. సీరియల్లో హీరోయిన్ రోజుకో బట్టలు మార్చి మార్చి వేసుకొస్తుంది, అందరూ దాని గురించి మాట్లాడుకుంటారు. అది మాత్రం నిజమేనంటారు. ఒకుయామా ఆఫీసుకి ముందురోజు వేసుకున్న బట్టలు మర్నాడు వేసుకునేది కాదట. నాకు ఆ వివరం నచ్చింది. రోజంతా వంగి కూర్చుని వేరేవాళ్ల గీతలకి మధ్య గీతలు వేసే మనిషి, పొద్దున తన ఇష్టప్రకారం చేసేది అదొక్కటే అయ్యుంటుంది.

ఆవిడ ఇన్‌బిట్వీన్ దగ్గరే ఆగిపోలేదు. కీ వేసే స్థాయికి వెళ్లింది. 1968లో తకహతా తీసిన మొదటి సినిమా 'హోల్స్'లోనూ, 1969లో 'బూట్లేసుకున్న పిల్లి' సినిమాలోనూ కీ యానిమేటర్. 1975లో 'చిన్నారి జలకన్య' సినిమాకి ఏకంగా యానిమేషన్ డైరెక్టర్. అంటే పది చేతులు వేసిన బొమ్మలు ఒకే చెయ్యి వేసినట్టు కనపడేలా దిద్దే మనిషి. అంత పెద్ద సినిమాలో అంత పెద్ద బాధ్యత ఒక ఆడమనిషి చేతిలో పెట్టడం అప్పటికి అరుదు.

1957 నుంచి 1975. పద్దెనిమిదేళ్లు. రాయడానికి ఒక వాక్యం పట్టింది. ఆ వాక్యం మధ్యలో ఒక పెళ్లి ఉంది, ఒక బిడ్డ ఉన్నాడు. నాకు కావాల్సింది ఆ మధ్య బొమ్మలు.

ఒకుయామా, కొతాబె 1963లో పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో జపాన్‌లో పెళ్లయితే ఆడవాళ్లు ఉద్యోగం మానేయడం ఆనవాయితీ. ఆనవాయితీ అంటే ఏదో ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట కాదు. కాగితం మీద రాయించుకునేవాళ్లు. సుమితోమో సిమెంట్ కంపెనీ ఉద్యోగంలో చేరే ఆడవాళ్ల చేత, పెళ్లయినా, 35 ఏళ్లొచ్చినా మానేస్తామని ముందే రాయించుకునేది. అలా రాసిచ్చిన ఒకావిడ పెళ్లి చేసుకుని మానేయనంది. కంపెనీ తీసేసింది. ఆవిడ కోర్టుకెక్కింది. 1966 డిసెంబరులో టోక్యో జిల్లా కోర్టు ఆ షరతు చెల్లదని తీర్పిచ్చింది. అంటే ఒకుయామా పెళ్లి చేసుకున్న నాటికి ఆ తీర్పింకా రాలేదు. ఆవిడ మానలేదు. బిడ్డ పుట్టాకా మానలేదు.

మన దగ్గర ఇలాంటివి లేవనుకుంటాం. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి కాగానే ఉద్యోగం పోయే నిబంధన 1981 దాకా ఉంది. నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే తీర్పులో, చేరిన నాలుగేళ్ల లోపు పెళ్లి చేసుకోకూడదన్న నిబంధనని మాత్రం ఉంచింది. అంతకు రెండేళ్ల ముందు, 1979లో, సి.బి. ముత్తమ్మ అనే విదేశాంగ అధికారి కోర్టుకి వెళ్లేదాకా, ఆ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లికి ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. పెళ్లి పనికి అడ్డమని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చెయ్యాలి.

ఇప్పుడా నిబంధనలు లేవు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. చట్టం చదివితే ధైర్యంగా ఉంటుంది.

మా ఆయన కూడా అదే స్టూడియోలో పనిచేస్తాడు, కంపోజిటింగ్‌లో. మా ఇద్దరివీ ప్రాజెక్టుని బట్టి పొడిగించే కాంట్రాక్టులు. నాకు ఐదో నెలప్పుడు ఇద్దరి కాంట్రాక్టులూ ఒకే వారంలో అయిపోయాయి. తనది పొడిగించారు. నాకు ఒక చాక్లెట్ బాక్సు, ఒక గ్రీటింగ్ కార్డు ఇచ్చారు. కార్డు మీద టీమంతా సంతకాలు చేశారు. 'నువ్వు రెస్ట్ తీసుకోవాలి కదమ్మా, తర్వాత చూద్దాం' అన్నారు హెచ్ఆర్ వాళ్లు. ఎవరూ కసురుకోలేదు. ఎవరూ తీసెయ్యలేదు కూడా. తీసేస్తే కదా కోర్టుకి వెళ్లేది? కాంట్రాక్టు దానంతటదే అయిపోయింది. సుమితోమో వాళ్లు కాగితం మీద రాయించుకున్నారు. ఇక్కడ రాయకుండా వదిలేశారు, అంతే తేడా.

ఆ రాత్రి మా ఆయన 'నేనూ మానేస్తాను' అన్నాడు. 'మానేసి? ఇద్దరం ఆ చాక్లెట్లు తింటూ కూర్చుందామా?' అన్నాను. నవ్వుకున్నాం గానీ ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

అదే తోయెయి స్టూడియోలో ఇంకో జంట ఉంది. అకెమి ఒతా అనే యానిమేటర్‌ని 1965లో హయావో మియజాకి పెళ్లి చేసుకున్నాడు. స్టూడియోలో ఆవిడ ఆయన కంటే సీనియర్. ఇద్దరు మగపిల్లలు పుట్టారు. పిల్లల కోసం ఆవిడ పని మానేసింది. తర్వాత ఆయన ప్రపంచానికంతా తెలిశాడు. ఆవిడ ఫలానావారి భార్యగా తెలుసు. ఆవిడ ఏం పోగొట్టుకుందో, ఏం పొందిందో చెప్పడానికి నేనెవర్ని? ఆ ఇంట్లో ఏ రాత్రి ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు? కానీ ఈ రెండు జంటల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. ఒకుయామాకి ప్రతిభ ఎక్కువ, ఒతాకి తక్కువ అని కాదు. పట్టుదలలో తేడా అని కూడా అనను. బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు, పొద్దున బిడ్డని ఎక్కడ వదలాలి, సాయంత్రం ఎవరు తీసుకురావాలి అన్నవాటికి దొరికిన జవాబుల్లో తేడా ఉండి ఉంటుంది. కెరీర్ అని మనం పిలిచేదాంట్లో సగం ఈ జవాబులే.

సీరియల్లో హీరోయిన్‌కి బిడ్డ పుడితే భర్త ఇంట్లో ఉండి చూసుకుంటాడు. స్టూడియోలో తోటివాళ్లు ఆమె తరఫున నిలబడతారు. కథ కోసం తీపి కలిపారు అనుకోవచ్చు. కానీ తోయెయిలో నిజంగానే గట్టి యూనియన్ ఉండేది. తకహతా, మియజాకి దగ్గరైంది ఆ యూనియన్ పనుల్లోనే. మా స్టూడియోలో ఉన్నది ఒక వాట్సాప్ గ్రూపు. నా కాంట్రాక్టు అయిపోయిన రోజు అందులో నలభై రెండు హార్టు బొమ్మలు వచ్చాయి.

పెడనలో మా పెద్దమ్మ ఉంది. మనిషి మనిషంతా కలంకారీ. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ అద్దకం షెడ్డుల్లో పనిచేసింది. పాపని చూడ్డానికి వచ్చినప్పుడు నా పనేంటో అడిగింది. చెప్పాను. వెంటనే పట్టేసింది.

"అంటే గీతచ్చు ఒకళ్లది, రంగచ్చు ఒకళ్లది. అంతేగా?"

అంతే. కలంకారీలో ముందు నల్ల గీతల అచ్చు పడుతుంది. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లతో ఆ నలుపు చేస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. ఏ రంగుకి ఆ రంగు అచ్చు వేరు. అంతకుముందు కరక్కాయ నీళ్లలో గుడ్డ నానాలి. తర్వాత ఉడకాలి, పారే నీళ్లలో జాడించాలి, ఎండాలి. మా పెద్దమ్మ చాలా ఏళ్లు జాడించే పనిలోనే ఉంది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి. ఆ దుప్పట్లు ఏ దేశాలు వెళ్లాయో తనకి తెలియదు.

"మీ పిల్లలప్పుడు ఎలా చేశావ్ పెద్దమ్మా?"

"ఏముందే, షెడ్డు పక్కన చెట్టుకి ఉయ్యాల కట్టేవాళ్లం. నలుగురు పిల్లలుంటే నాలుగు ఉయ్యాలలు. ఎవరి పిల్ల ఏడిస్తే చేతులు తడి లేనోళ్లు ఊపేవాళ్లు."

చట్టంలో క్రెష్ అని రాసింది ఇదే కదా అనిపించింది. ఆ ఉయ్యాలలు చాలని నేననను. పెద్దమ్మ మోకాళ్లు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో నాకు తెలుసు. కానీ పని జరిగే చోట పిల్లలు కనపడకూడదన్న రూలు మాత్రం ఆ షెడ్డులో లేదు. మా గచ్చిబౌలి అద్దాల మేడలో ఉంది.

మాకు కూచిపూడి ఆటోలో వెళ్లొచ్చే దూరం. ఆ ఊరి సంప్రదాయంలో సత్యభామని తరతరాలు మగవాళ్లే ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ వేషం గురించి మా తాతయ్య వాళ్లు ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారు. వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టి ఆడపిల్లలకి పెద్ద సంఖ్యలో నేర్పడం మొదలుపెట్టింది 1963లో. ఒకుయామా పెళ్లి చేసుకున్న ఏడాది అది. ఈ రెండిటికీ సంబంధమేమీ లేదు. కానీ జడ వేసుకుని నడిచే ఆడమనిషి నడకని ఎవరు ఆడాలి, ఎవరు గియ్యాలి అన్న ప్రశ్న ఒకే కాలంలో రెండు దేశాల్లో ఉందని తెలిస్తే బావుంది. అమెరికాలో డిస్నీ స్టూడియో 1938లో ఒక అమ్మాయికి రాసిన ఉత్తరం ఇప్పటికీ దొరుకుతుంది. సృజన ఉన్న పనులు మగవాళ్లే చేస్తారని, ఆడవాళ్లకి సెల్ మీద ఇంకుతో గీతలు దిద్ది రంగులు నింపే పని మాత్రమే ఉంటుందని అందులో మర్యాదగానే చెప్పారు. వాళ్లూ కార్డు లాంటిదే పంపారన్నమాట.

ఒకుయామా పనుల్లో నన్ను కూర్చోబెట్టింది 1979లో వచ్చిన 'డ్రాగన్ కొడుకు తారో'. బొమ్మల పని భార్యాభర్తలిద్దరూ కలిసి చేశారు. మియొకో మత్సుతాని అనే రచయిత్రి జానపద కథల్లోంచి అల్లిన కథ అది. ఒక పేద పల్లె. కొండ మనుషులు. అక్కడొక కట్టుబాటు ఉంది. మూడు చేపలు దొరికితే ఒక్కరే తినకూడదు, పంచుకోవాలి. తిన్నవాళ్లు డ్రాగన్ అయిపోతారు. నిండు గర్భిణి ఒకామె, ఆకలికి తాళలేక, ఆ మూడు చేపలూ తానే తినేస్తుంది. డ్రాగన్ అయిపోతుంది. బిడ్డని కని, పాలివ్వలేక తన కళ్లు పీకి ఇస్తుంది. ఆ కళ్లు చప్పరించి బిడ్డ బతుకుతాడు. పెద్దయ్యాక అమ్మని వెతుక్కుంటూ వెళ్తాడు. చూపులేని డ్రాగన్ ఒక సరస్సులో దొరుకుతుంది. ఆ నీళ్లకి దారి చేస్తే పల్లెకి వరి పొలాలొస్తాయని కొడుకు అంటే, తల్లి తన ఒంటితో కొండని ఢీకొట్టి ఢీకొట్టి బద్దలు కొడుతుంది.

మా అమ్మ నా పక్కన కూర్చుని చూసింది. భాష రాదు, నేను చెప్తూ ఉన్నాను. చేపలు తినే దగ్గర అమ్మ ఊరుకోలేదు.

"కడుపుతో ఉన్నదానికి మూడు చేపలు తింటే శాపమా? ఎవడు పెట్టాడే ఆ రూలు?"

కృష్ణ కాలవ పక్కన పుట్టిన మనిషికి చేప మీద ఆంక్ష అసలు అర్థం కాదు. కానీ అమ్మ అడిగింది చేప గురించి కాదని తర్వాత తెలిసింది. కొండ బద్దలయ్యి, నీళ్లు పొలాల మీదకి వచ్చేటప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు పుట్టినప్పుడు నాకు అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. మీ నాయనమ్మ, చంటిపిల్లనేసుకుని ఏం చేస్తావులే అంది. పోన్లే అని ఊరుకున్నాను" అంది. ఇరవై తొమ్మిదేళ్లలో ఈ సంగతి నాకు మొదటిసారి చెప్పింది. చెప్పేసి పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

బిడ్డని కన్న మనిషి, పెంచిన మనిషి, రోజూ ఆఫీసుకి వెళ్లిన మనిషి ఆ డ్రాగన్‌ని గీసింది అని తెలిసి చూడటం వేరు. ఆవిడ మీద ఇంకేం చదవకపోయినా నాకు చాలేది. తర్వాతి కాలంలో ఒకుయామా రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే బొమ్మల వైపు వెళ్లింది. 2003లో బాషో, ఆయన తోటి కవుల గొలుసు పద్యాల మీద ముప్పై మందికి పైగా యానిమేటర్లు కలిసి చేసిన 'చలికాలపు రోజులు'లో భర్తతో కలిసి ఒక ముక్క చేసింది. ఒకరి పద్యం ఆగినచోట ఇంకొకరు అందుకునే పద్ధతి అది. 2007 మే నెలలో చనిపోయింది. సీరియల్ వచ్చింది ఆ తర్వాత పన్నెండేళ్లకి.

పోయిన నెల వేరే స్టూడియోలో చేరిన మా పాత సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఇంటి నుంచి చేసే పని ఉంది, బొమ్మకింత అని ఇస్తారు, ముందు టెస్టు చెయ్యాలి అన్నాడు. నేను మూడు అడిగాను. కీ టెస్టు కూడా ఇవ్వండి, ఇన్‌బిట్వీన్ ఒక్కటే కాదు. కాంట్రాక్టులో నెలలు రాయండి, ప్రాజెక్టు పేరు కాదు. ఎండ్ టైటిల్స్‌లో పేరు వెయ్యండి. మొదటిదానికి సరే అన్నాడు. రెండోది పైవాళ్లని అడగాలన్నాడు. మూడోదానికి నవ్వాడు. నేను నవ్వలేదు. కాసేపటికి 'అడుగుతాను' అన్నాడు.

మా ఆయన వచ్చే నెల నుంచి వారంలో మూడు రోజులు చల్లపల్లి నుంచే పని చేస్తానని వాళ్ల ఆఫీసులో అడిగాడు. కారణం 'చైల్డ్ కేర్' అని రాశాడట. ఆ ఫారంలో మగవాళ్లెవరూ ఇంతవరకు అది రాయలేదని హెచ్ఆర్ అమ్మాయి చెప్పిందట. మా అత్తయ్య గారు ఫోన్‌లో 'మగపిల్లాడు సెలవు పెట్టడం ఏంటమ్మా' అన్నారు. 'సెలవు కాదత్తయ్య గారూ, అక్కడ చేసే పనే ఇక్కడ చేస్తాడు' అన్నాను. ఆవిడకి నచ్చలేదు. నచ్చుతుందని నేను ఎదురుచూడటం లేదు.

టెస్టు షాట్ నాలుగు సెకన్లు. ఒకావిడ బావిలోంచి బిందె పైకి లాగి చంకన పెట్టుకుని వెనక్కి తిరగాలి. కీలు నావి, మధ్యవీ నావే. ముందు వాళ్లు పంపిన రిఫరెన్సు చూశాను, అందులో బరువు లేదు. ఖాళీ బిందె ఎత్తినట్టుంది. నిండు బిందె చంకకి చేరేటప్పుడు నడుము ఎటు వంగుతుందో నాకు తెలియాలి. అమ్మని దొడ్లోకి పిలిచి, పంపు కింద బిందె నింపి, ఎత్తమన్నాను. ఫోన్‌లో తీశాను.

"మళ్లీ ఎత్తనా?" అంది.

"ఇంకోసారి. ఈసారి నెమ్మదిగా."

పాపని నేను ఎత్తుకున్నాను. అమ్మ మూడుసార్లు ఎత్తింది. మూడోసారి ఎత్తి, చంకన అలాగే పెట్టుకుని, "ఇందులో నా పేరు కూడా వేస్తారా?" అంది.